కింది ఇంటికి వేరే నెట్

4 ఆగస్టు 2013, ఆదివారం. సూర్యాపేట.

నిర్ణయం తీసుకున్నాను. ఇంటి నెట్‌వర్క్‌ను పద్ధతి ప్రకారం మళ్లీ కడతాను.

ఏ పని మొదలుపెట్టినా ముందు ఉన్న పరిస్థితి రాసుకోవడం నాకు అలవాటు. కాబట్టి రాస్తున్నాను. ఇల్లు ఒకటి, కాపురాలు రెండు. కింద అన్న యాదయ్య, వదిన లక్ష్మీనర్సమ్మ, వాళ్ల బిడ్డ ప్రవళిక. పైన నేను, గోపిక, మా బాబు. నాయన పోయాక పొయ్యి వేరైంది, కరెంటు మీటరు వేరైంది. వేరు కానిది టెలిఫోన్ లైను ఒక్కటే. అది ఇప్పటికీ నాయన పేరు మీదే ఉంది. కింద అన్న ముందరింట్లోకి, టీవీ పక్కకు వస్తుంది. మోడెం అక్కడే. దాని సిగ్నల్ మెట్లెక్కి పైకి వచ్చేసరికి ప్రాణం పోయినట్టుంటుంది. పైగా ప్రవళిక పాస్‌వర్డ్‌ను ఫ్రెండ్స్ అందరికీ పంచిపెట్టింది.

కాలేజీ స్క్రాప్‌లో పడేసిన ఒక పాత కంప్యూటర్ తెచ్చాను. దాన్ని ఫైర్‌వాల్ చేస్తాను. అంటే ఇంటర్నెట్‌కూ ఇంటికీ మధ్య కాపలా. లైను కింది మోడెం నుంచి వైరు మీద నేరుగా నా గదికి రావాలి, కాపలా దాటాలి, అక్కడినుంచి మెట్ల గోడకు బిగించే యాక్సెస్ పాయింట్‌కు పోవాలి. వైఫై ఆ పెట్టె ఇస్తుంది. దాంట్లో రెండు పేర్లు పెడతాను. ఒకటి పై ఇంటికి, ఒకటి కింది ఇంటికి. ఫైర్‌వాల్ సూత్రం ఏమిటంటే ముందు అన్ని తలుపులూ మూసెయ్యాలి, తర్వాత అవసరమైనవి ఒక్కొక్కటే తెరవాలి.

ఇది పూర్తిగా సాంకేతిక విషయం. అన్నతో ఉన్న సంగతి వేరు.

5 ఆగస్టు

మోడెం ముట్టుకోవాలంటే అన్న ముందరింట్లోకి వెళ్లాలి. వెళ్లను. గోపిక వెళ్తుంది.

6 ఆగస్టు

గోపిక వెళ్లింది. నేను మెట్ల మీద నిలబడి చెప్పాను. ఏ వైరు తియ్యాలి, ఏది పెట్టాలి, ఏ లైటు వెలగాలి. నేను పసుపు లైటు అంటాను, ఆమె పచ్చ లైటు అంటుంది. మా ఊళ్లో పసుపూ పచ్చా ఒకటేనని గుర్తుకు వచ్చేసరికి అరగంట పోయింది. చివరికి వైరు పట్టుకుని పైకే వచ్చేసింది.

"నీ వైరు నువ్వే పెట్టుకోపో. మీ అన్నదమ్ముల నడుమ నేనేమన్న టెలిఫోనా?"

ఆ సంగతి ఇక్కడ ఒకసారి రాసేసి వదిలేస్తాను. జనవరిలో బాబుకు పుట్టువెంట్రుకలు తీసినప్పుడు కోదాడ నుంచి మా ప్రిన్సిపాల్ వచ్చారు. మా అత్తగారివాళ్లు మోతె నుంచి వచ్చారు. అందరూ బంతిలో కూర్చున్నారు. ప్రిన్సిపాల్ నా గురించి మంచి మాట అనబోతుంటే, అన్న మటన్ గిన్నె చేతిలో పట్టుకుని, "మా చిన్నోడా సారు? మీ కాలేజీల వైర్లు గుంజుతడు గద," అన్నాడు. బంతంతా నవ్వింది. ప్రిన్సిపాల్ కూడా. నేను ఇంజనీరింగ్ కాలేజీలో నెట్‌వర్క్ అడ్మినిస్ట్రేటర్‌ని. ఆ రోజు నుంచి నేను కిందికి పోలేదు. అన్న పైకి రాలేదు.

పట్టించుకోవడం ఎప్పుడో మానేశాను.

8 ఆగస్టు, గురువారం

వెళ్లాను. మోడెం కోసం.

అన్న మంచం మీద కూర్చుని టీవీ చూస్తున్నాడు. ఉదయం గొర్ల బేరం చూసుకుని వచ్చినట్టుంది, తలగుడ్డ ఇంకా తీయలేదు. నా వైపు చూడకుండా వదినతో అన్నాడు:

"గా డబ్బ ఎందుకు ఇప్పుతున్నడో అడుగు."

"నీకు నోరు లేదా? నువ్వే అడుగు," అంది వదిన.

"నాకేం పని."

నేను కూడా వదినతోనే చెప్పాను. "సెక్యూరిటీ కోసం వదినా. బయటోళ్లు మన నెట్‌లకు రాకుంట."

"బయటోళ్లంటే ఎవరు?"

జవాబు కొంచెం టెక్నికల్‌గా ఉంటుంది. అందుకని చెప్పలేదు. వదిన చాయ్ ఇచ్చింది. మోడెం సెట్టింగులు మార్చేటప్పుడు చేతులు ఖాళీగా ఉండవు కాబట్టి, తాగకుండా వచ్చేద్దామనుకున్నాను. తాగాను.

9 ఆగస్టు

మళ్లీ కిందికి. వైరు పొట్టిదైంది.

11 ఆగస్టు, ఆదివారం

మెట్ల గోడకు యాక్సెస్ పాయింట్ బిగించాను. నిచ్చెన అన్నది. డ్రిల్లు పక్కింటిది. పైకెక్కాక నిచ్చెన ఊగడం మొదలైంది, కాసేపటికి ఆగింది. కిందికి చూస్తే అన్న పట్టుకుని నిలబడ్డాడు.

"జర మీదికి పెట్టాలె. గంత కిందికైతే పిలగాడు గుంజుతడు," అన్నాడు. నాతో కాదు, గోడతో.

నేను జర మీదికే పెట్టాను. గోడ కూడా బాగానే ఉంది అక్కడ.

ఏమాటకామాటే చెప్పాలి. రెండు ఇళ్లను వేరు చేసే పనిలో ఈ వారంలో కిందికి వెళ్లినన్ని సార్లు, కలిసున్న రోజుల్లో కూడా వెళ్లి ఉండను. పని అయిపోయింది కాబట్టి ఇక అవసరం లేదు.

12 ఆగస్టు

అంతా నడుస్తోంది. పై ఇంటికి అన్నీ తెరిచి ఉన్నాయి. కింది ఇంటికి మామూలు వెబ్ పేజీలు వస్తాయి, సగం స్పీడు. మిగతా తలుపులు మూత. గోపికకు తెరమీద చూపించాను. లోపలికి రావాలని ప్రయత్నించి ఆగిపోయినవన్నీ ఎర్రగా కనబడతాయి. చైనా నుంచి, రష్యా నుంచి, ఎక్కడెక్కడి నుంచో.

"గీ చైనోళ్లకు సూర్యాపేటల మనింట్ల ఏం పని?" అంది.

"అందుకే ఆపాను."

"మరి కిందోళ్లను ఎందుకు ఆపినవ్?"

ఆపలేదు, క్రమబద్ధం చేశానని చెప్పాను.

24 ఆగస్టు

కాలేజీలో మీటింగు. ఈసారి సీట్లు నిండేట్టు లేవు. బోధన సిబ్బంది, బోధనేతర సిబ్బంది, అందరూ పిల్లల్ని తేవాలి. ఆంధ్రా వైపు సమ్మెలతో కౌన్సెలింగ్ ఆలస్యమైంది, ఆ టైమును వాడుకోమన్నారు. తేలేనివాళ్ల ఉద్యోగం గురించి దసరా తర్వాత ఆలోచిస్తారట. ప్రిన్సిపాల్ నా భుజం మీద చెయ్యి వేశారు.

"మీ ఇంట్లోనే ఎంసెట్ రాసిన పిల్ల ఉందిగా శ్రీహరి గారూ. మీరు కంగారు పడాల్సిన పనేముంది?"

ప్రవళికకు మంచి ర్యాంకు వచ్చింది. ఆ ర్యాంకుకు మా కాలేజీ ఎందుకని నేను అనలేదు. అడగనప్పుడు చెప్పడం పద్ధతి కాదు.

5 సెప్టెంబరు, గురువారం

ప్రవళిక కాలేజీల ఆప్షన్లు పెట్టుకోవడానికి బజార్లో బీక్యా నడిపే నెట్ సెంటర్‌కు వెళ్లిందట, అన్నను తీసుకుని. గోపిక చెప్పింది.

"ఇంట్ల నెట్ ఉండంగ బజారుకు పోవుడేంది?" అన్నాను.

"గా కౌన్సెలింగ్ పేజి ఇంట్ల తెరుస్తలేదంట. పొద్దుగాల నుంచి చక్రం తిరుగుడే. నిన్ను అడుగుదామంటే, బాబాయ్ ఏమనుకుంటడో అన్నదంట."

వెంటనే నా గదిలో చూశాను. టక్కున తెరుచుకుంది. నా కంప్యూటర్లో తెరుచుకున్నదంటే నా ఫైర్‌వాల్‌లో లోపం లేనట్టే. పిల్ల లాప్‌టాప్‌లో ఏదో ఉండి ఉంటుంది.

7 సెప్టెంబరు, శనివారం

ప్రిన్సిపాల్ పిలిచి కూర్చోబెట్టారు. ఇన్నేళ్లలో ఆ గదిలో నేను కూర్చోవడం ఇదే మొదలు.

"మీ అన్నయ్య ఫోన్ చేశారండీ. మన కాలేజీనే మొదటి ఆప్షన్ పెట్టించారట. 'మా తమ్ముడున్న కాలేజి సారు, నా బిడ్డను మీ చేతుల పెడుతున్న' అన్నారు. పెద్దమనిషి."

నా వాటా పిల్లల్లో ఒకరు వచ్చినట్టు రాసుకున్నారు. కాఫీ కూడా తెప్పించారు.

కోదాడ నుంచి బస్సులో వస్తూ దారంతా ఆలోచించాను. అన్న నన్ను అడగలేదు. నాకు చెప్పలేదు. కానీ నేనున్నాననే పెట్టించాడు. మనిషికి ఆ మాత్రం గౌరవం లోపల ఎక్కడో ఉందన్నమాట.

8 సెప్టెంబరు

మా కాలేజీ మరీ అంత చెడ్డదేం కాదు. ఈమధ్యే కొత్త గేటు కట్టారు. హైవే మీదికి బాగా కనబడుతుంది.

9 సెప్టెంబరు

కష్టపడి చదివే పిల్ల ఎక్కడైనా చదువుతుంది.

10 సెప్టెంబరు, మంగళవారం

సాయంత్రం ప్రవళిక పైకి వచ్చింది, వినాయకుడి ప్రసాదం పట్టుకుని. చాలా నెలల తర్వాత. బాబును ఎత్తుకుని కాసేపు ఆడించి, వెళ్లిపోయేటప్పుడు గుమ్మంలో ఆగింది.

"బాబాయ్, మీ కాలేజిల కంప్యూటర్ల ల్యాబు మంచిగుంటదా?"

"బాగనే ఉంటది."

"నా ర్యాంకుకు హైదరాబాద్‌ల పెద్ద కాలేజి వస్తదని మా సార్లు అన్నరు. గది రెండోది పెట్టినం. నాయిన వినలే. బాబాయ్ ఉండంగ పరాయి కాలేజి ఎందుకన్నడు." నవ్వింది. "గిట్లయితే రోజు మీ తోటే బస్సుల రావొచ్చు. సీటు మీరు ఆపుండ్రి నాకు."

"సరే," అన్నాను.

గోపిక వంటింట్లోంచి చూస్తోంది.  పిల్ల దిగిపోయాక అన్నం కంచం చప్పుడు చేస్తూ పెట్టింది. కూర బాగా లేదు.

11 సెప్టెంబరు, బుధవారం

తనిఖీ కమిటీ రేపు కాలేజీకి వస్తుందట. పొద్దున వెళ్లేసరికి ల్యాబు ముందు ఒక లారీ ఆగి ఉంది. కంప్యూటర్లు దింపుతున్నారు. సంతోషించాను. ఒక కేబినెట్ ఎత్తి చూద్దును కదా, అట్టపెట్టె లేచినట్టు లేచింది. లోపల ఏమీ లేదు. అన్నీ అంతే. రేకు డబ్బాలు. ముందు వరుసలోవి మాత్రం అసలువి, ఆఫీసు నుంచి తెచ్చి పెట్టారు.

"వెనక వరుసలకి వైర్లు కలిపెయ్యండి శ్రీహరి గారూ. వైరు లేకపోతే అనుమానం వస్తుంది," అన్నారు ప్రిన్సిపాల్.

కలిపాను. ఖాళీ డబ్బా వెనక నెట్‌వర్క్ వైరు ఎక్కడ గుచ్చాలో తెలియక, టేపుతో అతికించాను. మధ్యాహ్నం దాకా అదే పని. మోకాళ్ల మీద బల్లల కింద పాకుతూ. చివరి వరుసలో, గోడ పక్క బల్ల దగ్గర, ప్రవళిక కూర్చుంటే ఇక్కడే కూర్చుంటుంది కదా అనిపించింది. పొట్టి పిల్ల, ముందు వరుస కావాలంటుంది. ముందు వరుసలోవి ఎల్లుండి ఆఫీసుకు వెళ్లిపోతాయి.

ఆప్షన్లు మార్చుకోవడానికి రేపే ఆఖరు.

నాకు రేపు తనిఖీ డ్యూటీ ఉంది. రాత్రికి ఆలోచిస్తాను.

12 సెప్టెంబరు, గురువారం

కాలేజీకి పోలేదు. జ్వరమని ఫోన్ చేశాను. పొద్దున కిందికి దిగాను. మోడెంతో పనేమీ లేదు.

అన్న బయట అరుగు మీద వేపపుల్ల నములుతూ కూర్చున్నాడు. వదిన గిన్నెలు తోముతోంది. ఎవరిని మధ్యలో పెట్టుకుని మాట్లాడాలో తెలియలేదు. అన్నతోనే మాట్లాడాను.

"అన్నా, ప్రవళికను మా కాలేజీల ఎయ్యకు."

వేపపుల్ల ఆగింది. "ఎందుకు?"

"గాడ ఏం లేదు. ల్యాబులు లెవ్వు. సార్లు ఆర్నెల్లు సుత నిలవరు. నిన్న వట్టి డబ్బాలు తెచ్చి కంప్యూటర్లని పెట్టిండ్రు."

"నువ్వున్నవ్ గద?"

"నేనుండి ఏం చేస్త? నేను పాఠం చెప్పేటోన్ని కాదు."

"మరేం చేస్తవ్ గాడ?"



"వైర్లు గుంజుత."

అన్న వేపపుల్ల పారేశాడు. లేచి నిలబడ్డాడు. అప్పుడు నిజంగానే కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"అరె చిన్నోడా! గదే మాట నేనంటె ఇన్ని నెలల సంది మాట్లాడకపోతివి గదరా!"

వదిన చేతిలో గిన్నె జారి మోగింది. ఆమె నవ్వుతోంది. అన్నకు ఇంకా కోపం తగ్గలేదు.

"నేనేమో, బంతిల నీ అత్తగారోళ్లకు బొక్కలు ఏసి, మంచి ముక్కలు మావోళ్లకు ఏసిననని అలిగినవనుకున్న. మీదికొచ్చి అడుగుదామంటే మొకమాటమైంది. గీ మాటకు అలిగినవా? తప్పేముందిరా గందుల? నేను గొర్లు కాస్త. నువ్వు వైర్లు గుంజుతవ్. ఇద్దరం చేసేటిది కష్టమే గద. నేను సారుకు గొప్పగనే చెప్పిన."

గొప్పగా చెప్పాడట. 

తర్వాత నిదానంగా కూర్చున్నాడు. "మరి నేను నీ ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేసి మాటిచ్చిన. ఇప్పుడు మారిస్తే నీ నౌకరికి ఏమన్నయితదా?"

"అయితే అయితది."

అన్న నా ముఖం చూశాడు, టీవీ చూసినంతసేపు. ఆ తర్వాత లోపలికి కేకేశాడు. "ప్రవళికా! గా లాప్‌టాప్ పట్టుకరా బిడ్డా. బాబాయ్ వచ్చిండు."

కౌన్సెలింగ్ పేజీ తెరుచుకోలేదు. చక్రం తిరుగుతూనే ఉంది. "గిదే బాబాయ్, మొన్న గూడ గిట్లనే," అంది పిల్ల.

ఒక్క చూపులో తెలిసింది. లోపలికి లాగిన్ అయ్యే పేజీ మామూలు తలుపులోంచి రాదు, వేరే తలుపులోంచి వస్తుంది. కింది ఇంటికి ఆ తలుపు నేనే మూశాను. పైన తెరిచి ఉంచాను. పిల్ల ఇంట్లోనే కూర్చుని పెట్టుకునేదైతే ఏ కాలేజీ ఎలా ఉంటుందో నన్నే అడిగేది. ఇవన్నీ ఒకేసారి బుర్రలోకి వచ్చాయి.

"సర్వర్ బిజీ ఉన్నట్టున్నది," అన్నాను.

పైకి వెళ్లాను. మార్చాల్సింది ఒక్క గీత. ఆ ఒక్కటి తెరిస్తే చాలు, మిగతా ఫైర్‌వాల్ అలాగే ఉండేది. కీబోర్డు దగ్గర కూర్చుని కూడా లేచాను. వెనక స్విచ్ నొక్కేశాను. ఫ్యాను చప్పుడు ఆగిపోయాక గది అంత పెద్దదా అనిపించింది. గోపిక తలుపు దగ్గర నిలబడి, "ఖతమా?" అంది. "మెయింటెనెన్స్," అన్నాను.

కింద మోడెంను పాత పద్ధతిలోకి మార్చి నేరుగా లాప్‌టాప్‌కు వైరు పెట్టాను. పేజీ తెరుచుకుంది. ముగ్గురం మంచం మీద కూర్చుని ఆప్షన్లు మార్చాం. ప్రవళిక మీట నొక్కేముందు తండ్రి వైపు చూసింది. అన్న నా వైపు చూశాడు.

"నొక్కు," అన్నాను.

మధ్యాహ్నం అక్కడే తిన్నాను. గోపికను, బాబును కూడా వదిన పిలిచింది. జ్వరం అని చెప్పిన మనిషి గొర్రె కూర రెండుసార్లు వేయించుకున్నాడు.

13 సెప్టెంబరు

తనిఖీ బాగా జరిగిందట. ల్యాబు చూసి మెచ్చుకున్నారట.

22 సెప్టెంబరు, ఆదివారం

ప్రవళికకు హైదరాబాద్ కాలేజీలో సీటు వచ్చింది. కంప్యూటర్ సైన్స్. అన్న మిఠాయి డబ్బా పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. ముందు నాకు పెట్టి, తర్వాత బాబుకు పెట్టాడు. ఆ తర్వాత నా గది గుమ్మంలోంచి తొంగిచూశాడు. ఆగిపోయిన కంప్యూటర్‌ను చూసి, "గిదేనా చైనోళ్లను ఆపిన డబ్బ?" అన్నాడు. గోపిక అన్నీ చెబుతుంది.

23 సెప్టెంబరు

ప్రిన్సిపాల్ కూర్చోమనలేదు.

"సొంత అన్న కూతుర్నే తేలేకపోయారు. బయటోళ్లని ఏం తెస్తారండీ మీరు?"

సమాధానం అడిగినట్టు లేదు. సర్వర్ గది తాళాలు వేరే అతనికి ఇచ్చేయమన్నారు. రెండో విడత కౌన్సెలింగ్ అయ్యేవరకు నాది ప్రచారం డ్యూటీ. మిర్యాలగూడ వైపు.

6 అక్టోబరు, ఆదివారం. మిర్యాలగూడ.

బస్టాండ్ బయట గొడుగు, బల్ల, బ్యానర్, పాంప్లెట్ల కట్ట. బ్యానర్ మీద మా కొత్త గేటు ఫొటో. ఎండ కాస్తోంది. మిల్లుల వైపు పోయే ధాన్యం లారీలు దుమ్ము పోస్తున్నాయి. పొద్దటి నుంచి చాలామంది పాంప్లెట్ తీసుకున్నారు, విసురుకోవడానికి.

మధ్యాహ్నం ఒకామె వచ్చింది. పెద్దవూర నుంచట, పేరు పుష్పాబాయి. మిల్లులో హమాలీ పనికి వచ్చిన భర్తకు సద్ది తెచ్చి తిరిగి పోతోంది. కొడుకు ఎంసెట్ రాశాడు, మొదటి విడతలో సీటు రాలేదు. పాంప్లెట్ చదవలేదు. ఫొటో చూసింది, నన్ను చూసింది.

"మంచి కాలేజేనా సారు?"

నేర్పించిన జవాబు ఉంది. అనుభవజ్ఞులైన అధ్యాపకులు, ఆధునిక ల్యాబులు, బస్సు సౌకర్యం. మొదలుపెట్టాను. బస్సు సౌకర్యం దగ్గరికి వచ్చేసరికి ఆమె ఆపింది.

"గవన్ని కాదు సారు. మీ ఇంటి పిల్ల గిట్ల ఉంటే గీడ ఏస్తవా?"



ఒక పాంప్లెట్ తీసి తిరగేశాను. వెనక తెల్లగా ఉంది. ఆమె కొడుకు ర్యాంకు అడిగి, ఆ ర్యాంకుకు వచ్చే కాలేజీలు మూడు రాశాను. వాటిలో మాది లేదు. కింద నా ఫోన్ నంబరు రాసి, ఆప్షన్లు పెట్టేముందు పిల్లవాణ్ని ఒకసారి ఫోన్ చేయమన్నాను. ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున కట్టుకుంది. బస్సెక్కబోతూ వెనక్కి తిరిగి, దూరాన నీళ్ల కుళాయి దగ్గర కూర్చున్న ఇంకో ఇద్దరు ఆడవాళ్లను నా వైపు పంపింది. వాళ్లకూ ఎంసెట్ పిల్లలే.

సాయంత్రం ప్రిన్సిపాల్ ఫోన్ చేశారు. స్పందన ఎలా ఉందని అడిగారు.

"బాగా వస్తున్నరు సార్. మన పాంప్లెట్లు సరిపోతలేవు," అన్నాను.

రేపు ఇంకో కట్ట పంపిస్తారట.